రహీం సార్ రెండు సున్నాలు

కంప్యూటర్‌లో చెత్తబుట్ట ఖాళీ చేస్తే కాగితం నలిపినట్టు ఒక చప్పుడొస్తుంది. మొన్న మా కాలేజీ ల్యాబులో ఎవరో పాత ఫైళ్ళు తీసేస్తుంటే ఆ చప్పుడు విని నేను కుర్చీలోంచి దిగ్గున లేచి నిలబడ్డాను. పక్కనున్న లెక్చరర్ కంగారుపడి ఏమైందండీ అని అడిగింది. ఏం లేదమ్మా అన్నాను గానీ, పాతికేళ్ళు దాటినా ఆ చప్పుడుకి నా గుండె ఝల్లుమంటుంది. దాన్ని మొదట వినిపించిన మనిషి రహీం సార్.

అవి ఐటీ మంచి ఊపు మీదున్న రోజులు. అమీర్‌పేటలో ఏ మేడ చూసినా పైనుంచి కిందిదాకా కోర్సుల బోర్డులే. నేను తెనాలి నుంచి వచ్చి మధురానగర్ హాస్టల్లో దిగి మల్టీమీడియా డిజైన్ కోర్సులో చేరాను. కోర్సు అయ్యేలోగా ఉద్యోగం రాకపోతే నోరు మూసుకుని తిరిగొచ్చి బీఎడ్ చేస్తానని నాన్నకి మాటిచ్చి మరీ వచ్చాను. మాకు పాఠం చెప్పే రహీం సార్ కంప్యూటర్లు రాకముందు పంజాగుట్టలో షాపుల బోర్డులు రాసేవారట. ఆయనకి పని నేర్పిన ఉస్తాద్, శిష్యుడు రాసిన బోర్డుని రంగు ఆరకముందే కిరోసిన్ గుడ్డతో తుడిచేసి, మళ్ళీ రాయమని, రెండోసారి రాసినదాన్ని బట్టే కూలి ఇచ్చేవాడట. చేతికొచ్చిన పనిని ఎవడూ చెరపలేడని రహీం సార్ గట్టి నమ్మకం.

ఆ నమ్మకాన్నే ఆయన మా పరీక్షలోకి తెచ్చారు. అప్పట్లో అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద రెడీమేడ్ ప్రాజెక్టుల సీడీలు అమ్మేవాళ్ళు. కొనుక్కుని పేరు మార్చి ఇచ్చేవాళ్ళని పట్టుకోవాలి కదా మరి. కానీ ఎలా పట్టుకుంటారో మాకెవరికీ ముందు చెప్పలేదు. నేను నెల రోజులు కళ్ళు కాయలు కాచేలా కూర్చుని మంగళగిరి చీరల మీద ప్రాజెక్టు చేశాను. బొమ్మ నొక్కితే మగ్గం ఆడుతుంది, అంచులు మారతాయి. నా వంతు వచ్చింది. సార్ అంతా చూసి, బాగుందన్నట్టు తలూపి, ఫైలు మొత్తం చెత్తబుట్టలో వేసి ఖాళీ చేసేశారు. గంట టైమిచ్చి మొదటి స్క్రీన్ ఒక్కటి మళ్ళీ చేసి చూపించమన్నారు. మార్కులు దానికేనట.

నా మగ్గం, నా చీరలు, నెల రోజుల బతుకు కళ్ళముందే పోయింది. ఏది ముందు చేశానో, ఏ రంగు ఎక్కడ వేశానో ఒక్కటీ గుర్తుకు రాలేదు. గంటయ్యాక తెర మీద ఒక తెల్ల చతురస్రం తప్ప ఏమీ లేదు.

"నీ చేతికి రాని పని నీదెట్లయితది బేటా?" అన్నారు సార్. కోప్పడి కూడా కాదు. రిజిస్టరులో నా పేరు పక్కన సున్నా వేశారు. నా పక్క సిస్టమ్ మీద కూర్చునే కిరణ్ గంటలో టకటకా చేసి చూపించి ఎనభై రెండు తెచ్చుకున్నాడు. శనివారం బంజారా హిల్స్‌లోని ఒక స్టూడియో వాళ్ళు వచ్చి పై మార్కుల వాళ్ళని చూశారు, ఉద్యోగం కిరణ్‌కి ఇచ్చారు. ఒళ్ళు మండిపోయింది నాకు. పెట్టె సర్దేసుకున్నాను.

సోమవారం సర్టిఫికెట్ కోసం వెళితే సార్ క్లాసు ముందు నిలబెట్టారు. మేమిచ్చిన సీడీలన్నీ ఆయన సొరుగులోనే ఉన్నాయట. చెరిపింది కంప్యూటర్‌లోని కాపీని మాత్రమే. నాది నిజంగా కాపీయేనని రుజువు చేసుకుందామని ఆదివారం కూర్చుని ఫైలు తెరిచి చూశారు. బొమ్మని మేం పొరలు పొరలుగా పేరుస్తాం, ప్రతి పొరకీ ఒక పేరు పెట్టుకుంటాం. నా పొరల పేర్లు ఆయన పైకి చదివారు. ఉప్మా. మళ్ళీ ఉప్మా. ఈరోజు కూడా ఉప్మానే. క్లాసంతా గొల్లుమంది. సిగ్గుతో చచ్చిపోతూ, ఆ పొర చేసిన రోజు హాస్టల్లో పెట్టిన టిఫిన్ పేరండీ అన్నాను. సార్ నవ్వలేదు, కొన్న సీడీల హాస్టల్ ఉప్మా ఉండదన్నారు.

తర్వాత కిరణ్ ఫైలు తెరిచారు. ప్రతి పొర మీదా ఎవరో సురేష్ పేరుంది. అడిగితే చేసి చూపించాల్సొస్తుందని, కొన్న సీడీని పది రోజులు చూస్తూ ప్రాక్టీసు చేశానని కిరణ్ తల దించుకుని ఒప్పుకున్నాడు. సార్ కుర్చీలో కూలబడిపోయారు. ఉస్తాద్ నేర్పిన పరీక్ష దొంగని గెలిపించి, కష్టపడ్డదాన్ని ఓడించింది. కాసేపటికి లేచి రిజిస్టరు తెరిచి, నా సున్నా కొట్టేసి డెబ్బై ఆరు వేశారు. పేర్లన్నీ అయిపోయిన చోట తన పేరు రాసుకుని, పక్కన సున్నా వేసి, సంతకం పెట్టారు. గురువుకి సున్నా ఏమిటి! ఇన్‌స్టిట్యూట్ ఓనరు రిజిస్టరు పాడుచేశావని అరిచినా, దాన్ని దిద్దనివ్వలేదు.

అక్కడితో ఆగలేదాయన. నన్ను ఆటోలో ఎక్కించుకుని ఆ స్టూడియోకి తీసుకెళ్ళి, మెట్లెక్కి, మేనేజరు ముందు నిలబడ్డారు. "పరీక్ష దిద్దుట్ల నేనే తప్పు జేసిన సాబ్. ఈ పిల్ల పని జర ఒక్కసారి చూడుండ్రి." మేనేజరు చూశాడు, బాగుందన్నాడు, ఖాళీ లేదన్నాడు. సార్ కిరణ్ మాట ఎత్తలేదు. బయటికొచ్చాక అడిగితే, వానికి మార్కులేసింది సుత నేనే కదా అన్నారు. ఆ పక్కనే టెలిఫోన్ బూత్‌లో దూరి మా నాన్నకి ఫోన్ చేసి, తప్పు తనదని ఆయనకీ చెప్పి, నాకు నాలుగు నెలలు గడువు అడిగి ఇప్పించారు. మూడో నెలలో పంజాగుట్టలో ఒక చిన్న ప్రకటనల ఆఫీసులో నాకు పని దొరికింది.

ఇప్పుడు నేనూ పిల్లల పని దిద్దుతున్నాను. మార్కు వేసేముందు పొరలన్నీ తెరుస్తాను, ఎక్కడ తంటా పడ్డావని అడుగుతాను. అయినా రెండేళ్ళ కిందట ఒకమ్మాయికి కాపీ కొట్టిందని సున్నా వేశాను. అది తన సొంత పనేనని మూడు నెలల తర్వాత తెలిసింది. అప్పటికే ఆ పిల్ల కోర్సు మానేసి వెళ్ళిపోయింది. రిజిస్టరులో దిద్దాను, నా పేరు రాసుకుని సున్నా కూడా వేసుకున్నాను. అంతవరకు సార్ దగ్గర నేర్చుకున్నాను. ఆ పిల్ల నంబరు నా ఫోన్‌లోనే ఉంది. ఇంతవరకూ చెయ్యలేదు.