మంచినీళ్లకి మత్తెక్కిన రోజు

కొత్తపేట బస్టాండు పక్క ల్యాబులో సత్యవేణి ఇరవై రెండేళ్లుగా రక్తం తీస్తోంది. సూది గుచ్చేముందు "ఏ ఊరండీ మీది?" అని అడుగుతుంది. అవతలి మనిషి ఊరు, వీధి, పాలకేంద్రం పక్క సందు చెప్పేలోగా సీసా నిండిపోతుంది. తన ఊరి గురించి చెబుతున్న మనిషికి నొప్పి తెలియదన్న సంగతి ఏ వైద్యగ్రంథంలోనూ ఉండదు. ఆవిడకు మాత్రం తెలుసు.

ఆ మంగళవారం ఉప్పలగుప్తం నుంచి దుర్గాసాయి, వాళ్లమ్మ వీరాయమ్మ వచ్చారు. కుర్రాడికి కువైట్‌లో డ్రైవరు ఉద్యోగం. నాలుగింటిలోగా రిపోర్టు ఏజెంటుకు చేరకపోతే ఆ ఉద్యోగం వేరొకరికి పోతుంది. ఈమధ్య ఇలాంటి ఉద్యోగాలకు మత్తుమందుల పరీక్ష కూడా అడుగుతున్నారు. అందుకే ల్యాబు యజమాని సోమేశ్వరరావుగారు కొత్త మిషను తెప్పించి, ఆ ఉదయమే కొబ్బరికాయ కొట్టించారు.

ఆ మిషను సంగతి చిత్రమైనది. గంజాయిలాంటిది రక్తంలో ఉంటే, దానికి అతుక్కుని వెలిగే పదార్థం ఒక పట్టీ మీద ఉంటుంది. నీలం కాంతి పడగానే అది మెరుస్తుంది, పెళ్లి ఆర్కెస్ట్రా లైట్లకు తెల్లచొక్కాలు మెరిసినట్టు. ఈ విద్య సముద్రంలో కొన్ని జెల్లీచేపలకు ఎప్పటినుంచో వచ్చు. అంతర్వేది జాలర్లు వలలో పడ్డవాటిని విసుక్కుంటూ పారేస్తారు గాని, వాటి బంధువుల దగ్గరే శాస్త్రజ్ఞులు కొంత పాఠం నేర్చుకున్నారు.

దుర్గాసాయి పట్టీ మెరిసింది. రెండోసారీ మెరిసింది.

సత్యవేణి ముఖం బిగుసుకుంది. "గంజాయి ఉందని చెబుతోందండీ."

"సిగరెట్టు కూడా ముట్టనండీ బాబూ! మా అమ్మ మీద ఒట్టు."

"నా మీదెందుకురా ఒట్టు!" అంటూ వీరాయమ్మ చెయ్యి చాపింది. "ముందు నాది చూడండమ్మా. టీ కూడా తాగను నేను."

వీరాయమ్మ పట్టీ ఇంకా బాగా మెరిసింది.

"అమ్మా! నువ్వెప్పుడు మొదలెట్టేవే?" అన్నాడు కొడుకు.

సోమేశ్వరరావుగారు నవ్వు ఆపుకోలేకపోయారు. "అమ్మాయ్, మనదీ ఓసారి చూసేద్దామా?"

"వద్దండీ. మీకూ ఉందంటే ల్యాబు మూసుకోవాలి."

అప్పుడు గుర్తొచ్చింది సత్యవేణికి. రోజు మొదట్లో మత్తుమందేమీ లేని ద్రావణంతో మిషనును సరిచూసుకోవాలని దాంతో వచ్చిన పుస్తకంలో ఉంది. పూజ హడావుడిలో ఆ పని మరిచిపోయింది. ఇప్పుడు పట్టీ మీద ఆ ద్రావణం వేసింది. మెరిసింది. మంచినీళ్లు వేసింది. నీళ్లకీ గంజాయే.

పట్టీ పెట్టే ట్రే లాగి చూస్తే మూడు పసుపు బొట్లు, కుంకుమతో సహా. పొద్దున తన చేత్తో తానే పెట్టింది. పసుపు కూడా ఆ నీలం కాంతికి మెరిసే సరుకే. ఇన్నేళ్లలో తప్పు రిపోర్టు ఒక్కటీ పంపని మనిషి, ఒక మంచి కుర్రాడి పేరు చెడగొట్టబోయింది.

ట్రే అంతా స్పిరిట్‌తో తుడిచి, గ్లౌజులు మార్చింది. నీళ్లు శుభ్రం. ద్రావణం శుభ్రం. దుర్గాసాయి నుంచి మళ్లీ రక్తం తీసి, కొత్త పట్టీ వేసింది. ఏమీ లేదు.

నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది.

"తప్పు నాదేనండీ. మిమ్మల్ని అనుమానించేను," అంది రిపోర్టు పంపుతూ.

"ఆయ్, పర్లేదండీ. బొట్టు చెరిపేసేరు కదా, మిషనుకి కోపం రాదాండీ?" అన్నాడు దుర్గాసాయి.

"దాని వీపు మీద పెడతాన్లెండి."

రిపోర్టు అందిందని, ఉద్యోగం ఖాయమేనని ఏజెంటు ఫోన్ చేశాడు. దుర్గాసాయి గుమ్మం దాకా వెళ్లాడు గాని, వీరాయమ్మ కుర్చీలోంచి కదలలేదు.

"నాదీ మళ్లీ చూసి కాగితం ఇవ్వండమ్మా, మత్తు లేదని. 'నీకేమన్నా మత్తెక్కిందా' అని మా ఆయన రోజూ అంటారు. గోడకి అంటించేస్తాను."

సత్యవేణి కొత్త పట్టీ తీసింది.