గుమ్మంలో హాజరు

మా మనవరాలి చదువు ఏడాదిగా మా వంటింట్లోనే సాగుతోంది. కందిపప్పు డబ్బాకు ఫోను ఆనించి, పీట మీద కూర్చుని, అందులోకి చూస్తూ పాఠం వింటుంది. నేను పోపు వేస్తే చాలు, "దాదీ, ఆవాజ్!" అని, చప్పుడు చెయ్యొద్దన్నట్టు విసుగ్గా చెయ్యి ఊపుతుంది. మొన్న పొద్దున వాళ్ల టీచరు ఒక్కొక్క పేరే పిలుస్తుంటే ఎక్కడెక్కడి ఇళ్ల నుంచో పిల్లలు పలుకుతున్నారు. ఒకరి వెనక కుక్కరు కూత, ఇంకొకరి వెనక ఎవరిదో దగ్గు. ఒక పేరుకు మాత్రం ఎవరూ పలకలేదు. టీచరు క్షణం ఆగి తరవాతి పేరుకు వెళ్లిపోయింది. నా చేతిలో గరిటె అక్కడే ఆగింది. పైడమ్మ మేష్టరమ్మ అయితే అలా వెళ్లిపోయేది కాదు. పలికేదాకా ఆ గుమ్మం ముందే నిలబడేది.

మీరెవరూ ఆవిడను చూసి ఉండరు. డెబ్బైల నాటి మాట. జంషెడ్‌పూర్‌లో బాగ్‌బేరా దగ్గర, రైలు యార్డును ఆనుకుని, రేకుల కప్పు కింద రెండు గదుల్లో మా తెలుగు వాళ్ల బడి ఉండేది. అయిదో తరగతి దాకా ఆవిడ ఒక్కతే పంతులమ్మ. విజయనగరం వైపు మనిషి, భర్త గూడ్సు ఆఫీసులో గుమాస్తా. పొట్టిగా, గట్టిగా ఉండేది. ముఖం నిండా అమ్మవారి మచ్చలు. కొత్తగా చేరిన పిల్లలు ఆ ముఖం చూసి జడుసుకునేవారు. వారం తిరిగేసరికి ఆ మచ్చలు ఎవరికీ కనిపించేవి కావు. ఒకసారి నేనే ధైర్యం చేసి, అవి ఎలా వచ్చాయని అడిగాను. "బల్లో నా పక్కన కూర్చునే పిల్లకి వచ్చింది. పూర్తిగా తగ్గకుండానే పొడుగు చేతుల జాకెట్టు తొడిగి పంపేసినారు. దానికి నానంటే శానా ఇష్టం, పాపం. నా పలక అదే తుడిచేది" అంది. ఆ పిల్ల మీద కోపం ఆ గొంతులో ఎక్కడా లేదు.

బడి చూరుకు రైలు పట్టా ముక్క ఒకటి వేలాడేది. అదే మా గంట. బోల్టుతో రెండు దెబ్బలు కొడితే బడి మొదలు. ఆపకుండా కొడితే ఇంటికి వెళ్లిపోవడం, దాన్ని మేము లాంగ్ బెల్లు అనేవాళ్లం. అది కొట్టే అవకాశం కోసం పిల్లలు కొట్టుకు చచ్చేవారు. నాకు ఒక్కసారీ దొరకలేదు.

ఆ ఏడాది ఎండలు ముదరక ముందే ఊళ్లో పెద్దమ్మవారు, అదే మశూచి, పోసింది. మా వీధికి అవతల రెండు గుమ్మాలకు వేప మండలు కట్టారు. మేష్టరమ్మ బడి మూసేసింది. కానీ ఇంట్లో కూర్చోలేదు. పొద్దున్నే హాజరు పుస్తకం చంకలో పెట్టుకుని వీధి వెంట వచ్చేది. ఒక్కో ఇంటి ముందు మట్టి రోడ్డు మీద, గుమ్మానికి పది అడుగుల దూరంలో నిలబడి పేరు పిలిచేది. మేము గుమ్మంలోకి వచ్చి పలకాలి, ముఖం కనపడాలి.

"సూరిగా!"

"ఉన్నానండీ!"

"నిన్న సెప్పిన లెక్క?"

"రాలేదండీ!"

"లెక్క రాలేదా, లెక్క దగ్గరికి నువ్వు రాలేదా?"

వీధంతా నవ్వేది. నవ్వుతూనే ఆవిడ కళ్లు ప్రతి పిల్లవాడి ముఖాన్నీ చేతుల్నీ వెతికేవి. ఎవరికి జ్వరం, ఎవరు నీరసంగా ఉన్నారు, అన్నీ పుస్తకంలో పేరు పక్కన రాసుకునేది.

బడి ఎప్పుడు తెరుస్తారా అని అందరికన్నా ఎక్కువ ఎదురు చూసింది నేను. టెక్కలి వైపు నుంచి మా మామ్మ, అంటే మా అయ్య తల్లి, వచ్చి ఉంది. తిరిగి వెళ్లేటప్పుడు నన్ను వెంట తీసుకుపోతానని పట్టు పట్టింది. నీళ్లు మోయడానికి, రెండు మేకల్ని చూడడానికి ఇంట్లో ఒక పిల్ల కావాలి. "బడీ నేదు, గిడీ నేదు. ఈ గుంట ఈడుండి ఏటి సేత్తాది? ఏడాది నా కాడ ఉండనీరా" అంది. మా అయ్య లోకో షెడ్డులో ఖలాసీ, తల్లి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. చివరికి, "బుధవారం నీ బండి గదా. ఈలోపు బడి తెరిత్తే ఉంటాది, తెరవకపోతే నీతో వత్తాది" అన్నాడు. మా పెదనాన్న కూతురు కూడా ఇలాగే ఏడాది కోసమని వెళ్లింది. అది మళ్లీ పలక పట్టిన మాట నేను వినలేదు.

బండికి తొమ్మిది రోజుల ముందు మా తమ్ముడు సిన్నాకు జ్వరం వచ్చింది. మూడో నాటికి ముఖం మీద గింజలు లేచాయి. మామ్మ వాడి కాళ్ల దగ్గర సాష్టాంగపడి దణ్ణం పెట్టింది. "తల్లొచ్చిందిరా" అంది. పొయ్యి మీద పోపు మానేసింది, మా అమ్మను తల దువ్వుకోవద్దంది. అమ్మవారు ఉన్న ఇంట్లో పాటించేవన్నీ పాటించింది, ఒక్కటి తప్ప. వేప మండ గుమ్మానికి కట్టలేదు. లోపల కుండల గూటి మీద, ఎవరికీ కనపడకుండా పెట్టింది. గుమ్మానికి కడితే టీకాల వాళ్లు వస్తారు, ఇంట్లో ఉన్న తల్లికి సూదులంటే ఆగ్రహం వస్తుందని ఆవిడ భయం. పైగా అమ్మవారు ఉన్న ఇంటి వాళ్లను స్టేషనులో బండి ఎక్కనివ్వడం లేదు. అయ్యకేమో డ్యూటీకి రానివ్వరని భయం. అలా నలుగురం నోరు మూసుకున్నాం. మర్నాటి నుంచి మేష్టరమ్మ పిలిస్తే నేను తలుపు దగ్గరగా వేసి, ముఖం బయటికి పెట్టి, "ఉన్నానండీ" అనేదాన్ని. "సిన్నా ఏడే?" అని అడిగితే, "తొంగున్నాడండీ" అని నిద్ర సాకు చెప్పేదాన్ని. ఆవిడ ఒక్క క్షణం ఎక్కువ నిలబడి వెళ్లిపోయేది.

ఆదివారం సాయంత్రం బడి ముందు అందరూ పోగయ్యారు. బడి తెరవాలా వద్దా అన్నది తేల్చాలి. ఇంజను డ్రైవరు సత్తిబాబు గట్టి గొంతుతో మొదలుపెట్టాడు. "బజారు తెరిసే ఉంది. సినిమా హాలు తెరిసే ఉంది. రైలు బళ్లు తిరగతన్నాయి. అమ్మోరికి మన బడొక్కటే దొరికిందేటి?"

కూరగాయలమ్మే ఎర్రమ్మ లేచింది. "నీకేటి బావా, నీ పిల్లలు పెద్దోలు. నాకున్నది ఒక్క గుంటడు. ఆడికేటన్నా అయితే నువ్విత్తావా ఇంకొకణ్ణి?"

"ఆ ఒక్క గుంటడే నిన్న యార్డులో వేగన్ల కింద దూరతన్నాడు. సెవి మెలేసి ఈడ్సుకొచ్చింది నానే. నీ ఇల్లు అంత బద్రంగా ఉన్నాది మరి!"

ఎర్రమ్మ కొడుకు బుజ్జి తల్లి చీర వెనక్కి తప్పుకున్నాడు. నవ్వులు ఆగాక మేష్టరమ్మ లేచింది. "ఇద్దరి మాటా నిజమే. బడి లేకపోతే పిల్లలు యార్డు పాలవుతున్నారు. బడి తెరిచి ఒక్కడికి అంటితే అందరికీ అంటుతాది. అందుకే తెరుత్తాననీ అనను, తెరవననీ అనను. ఇంటికొకరు లేచి, మా ఇంట్లో అమ్మోరు లేదని సెప్పండి. అన్ని ఇళ్లూ అదే మాట అంటే రేపే బెల్లు కొడతాను. ఒక్క ఇంట్లో ఉన్నా ఇంకో నెల వీధిలోనే హాజరు."

ఒక్కొక్కరే లేచి "నేదు", "మా ఇంట నేదు" అన్నారు. అయ్య డ్యూటీలో ఉన్నాడు, అమ్మ సిన్నా దగ్గర ఉంది. మా ఇంటి తరఫున నన్నే పంపింది మామ్మ, "బేగి నేదని సెప్పేసి వచ్చీ" అని. నా వంతు వచ్చింది. లేదంటే రేపు బడి, బుధవారం నాకు ప్రయాణం ఉండదు. ఉందంటే మేకలు, నీళ్ల బిందెలు. లేచి, "మా ఇంట నేదండీ" అన్నాను.

మేష్టరమ్మ నా వైపు చూసి, పుస్తకంలో ఏదో రాసుకుంది. రేపు బడి అంది. పిల్లలు గోల గోలగా అరిచారు. నేనూ అరిచాను. గుంపు కరుగుతుంటే బుజ్జి పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "అప్పా, రేపు నీ పక్కన కూకుంటాను. నీ పలక నానే తుడుత్తాను" అన్నాడు.

వాడి అరచెయ్యి చెమటగా, వెచ్చగా ఉంది. నేను చెయ్యి లాక్కుని పరిగెత్తాను. ఇంటి మలుపు దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చాను. మేష్టరమ్మ ఒక్కతే గది ఊడుస్తోంది, ఫినాయిలు వాసన వస్తోంది. "సిన్నాకి తల్లి పోసిందండీ. అయిదో రోజు" అన్నాను. ఆ తరవాత ఏడుపు తప్ప ఏమీ రాలేదు.

ఆవిడ చీపురు గోడకు ఆనించింది. తిడుతుందనుకున్నాను. "మీ గుమ్మంలో పోపు వాసన రాక అయిదు రోజులయింది. ఈ గది ఊడ్చేసి మీ ఇంటికే వద్దామనుకుంటన్నాను. నువ్వే వచ్చినావు" అంది. కొంగుతో నా ముక్కు తుడిచి, బోల్టు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఎల్లు. లాంగ్ బెల్లు కొట్టు. జనం ఇంకా వీధిలోనే ఉన్నారు, వెనక్కి వత్తారు."

అన్నేళ్లు కోరుకున్న గంట అది. బుధవారం బండి కళ్ల ముందు కనపడుతుంటే, ఏడుస్తూ, ఆపకుండా కొట్టాను.

జనం వెనక్కి వచ్చారు. మేష్టరమ్మ నా పేరు ఎత్తలేదు. "ఒక ఇంట ఉన్నాది. బడి తెరవడం లేదు" అని మాత్రం అంది. తరవాత నన్ను వెంటబెట్టుకుని, దాచిన మండ సంగతి కూడా దారిలో విని, మా ఇంటికి వచ్చి, గుమ్మంలో నిలబడింది. మామ్మ సంగతి కనిపెట్టి నా మీద విరుచుకు పడింది. "నోట్లో నువ్వుగింజ నానదా నీకు? ఒలమ్మో, నా బండి పోనాది! మేష్టరమ్మా, తల్లి మా ఇంటికొత్తే నీకేటి నొప్పి?"

"మా ఇంటికీ వచ్చిందే మామ్మా, నా మొహం సూడు" అంది ఆవిడ. "మొక్కు మొక్కినావు, పోపు మానేసినావు, అన్నీ బాగానే సేసినావు. మరి మండ కుండల మీదేటి? గుమ్మానికి మండ కట్టేది ఎందుకనుకున్నావు? ఈ ఇంట తల్లి ఉన్నాది, తప్పుకుని నడవండని సెప్పడానికి. ఆవిడేటి దొంగతనంగా వచ్చిందా, దొంగ సరుకులాగ దాసినావు?"

మామ్మ సిన్నా మంచం వైపు చూసింది. తరవాత లోపలికి వెళ్లి, మండ తెచ్చి, తన చేత్తోనే గుమ్మానికి కట్టింది. కడుతూ లెంపలేసుకుంది.

మర్నాడు టీకాల వాళ్లు వచ్చారు. వీధంతా చేతులు చాపింది. అందరికన్నా చివర, కళ్లు గట్టిగా మూసుకుని, మామ్మ. మా గుమ్మం ముందు కర్రతో ఒక కాపలావాణ్ణి కూర్చోబెట్టారు. సిన్నా ఒంటి మీద చెక్కులన్నీ రాలేదాకా ఎవరూ బయటికి పోకూడదు, లోపలికి రాకూడదు. అప్పుడు గానీ నాకు తట్టలేదు. బుధవారం బండికి మామ్మ పోవడానికి లేదు. మామ్మ పోకపోతే నేనూ పోను. నన్ను ఊరికి పంపేస్తుందనుకున్న మాటే నన్ను ఇంట్లో ఉంచేసింది.

ఆ వారాలు నా బాల్యంలో మంచి రోజులంటే ఎవరూ నమ్మరు. సిన్నా గట్టెక్కాడు. వీధిలో ఇంకెవరికీ రాలేదు. రోజూ పొద్దున మేష్టరమ్మ రోడ్డుకు అవతల నిలబడి పాఠం అరిచి చెప్పేది, నేను గుమ్మంలో కూర్చుని అరిచి ఒప్పజెప్పేదాన్ని. మధ్యలో కాపలావాడు ఎక్కాలకు తల ఊపేవాడు. మామ్మ తెలుగులో వాణ్ణి తిట్టేది, వాడు లోపలే ఉండమని, "అందర్ రహియే, మాతాజీ" అనేవాడు. పదో రోజుకు వాడికి పొద్దుటి టీ మామ్మే అందించసాగింది. ఒకనాడు మేష్టరమ్మ నా పేరు తరవాత, "సూరమ్మ మామ్మా!" అని పిలిచింది. మామ్మ ఉలిక్కిపడి, కొంగు సర్దుకుని, "ఉన్నానండీ!" అంది. ఆ తరవాత ఏ రోజైనా పిలుపు ఆలస్యమైతే, నాకన్నా ముందు గుమ్మంలోకి తొంగి చూసేది ఆవిడే.

చెక్కులు రాలాయి, కాపలా ఎత్తేశారు, ఆ మరుసటి సోమవారం బడి తెరిచారు. మామ్మ మూట కట్టుకుంది. నేను మాట్లాడకుండా నా గౌన్లు మడత పెడుతున్నాను. ఆవిడ వాటిని నా చేతిలోంచి లాగి, మళ్లీ దండెం మీద వేసింది. "నువ్వెక్కడికే? ఆ మేష్టరమ్మ రేపు పేరు పిలిత్తే పలికేదెవరు?" అంది. మేకల్ని పక్కింటి వాళ్లకు ఇచ్చేస్తానంది. ఇచ్చేసింది కూడా.

ఆ బడిలో ఉన్న అయిదు తరగతులూ చదివాను. అంతే నా చదువు. ఈ రాసేదంతా ఆ చదువుతోనే. సిన్నాకు రిటైర్మెంటు దగ్గర పడింది. గడ్డం గీసుకునేటప్పుడల్లా బుగ్గ గుంటల్లో బ్లేడు దిగడం లేదని ఇప్పటికీ గొణుగుతాడు. నా ముంజేతి మీద టీకా మచ్చ ఉంది. మనవరాలు దాన్ని వేలితో తడిమి, "ఏ క్యా హై?" అని అడుగుతూ ఉంటుంది.

పోయిన వారం వాళ్ల స్కూలు తెరుస్తామని కాగితం పంపారు. ఇంట్లో ఎవరికీ జబ్బు లేదని సంతకం పెట్టాలట. మా అబ్బాయికి రెండు రోజులుగా దగ్గు. "దుమ్ము దగ్గమ్మా" అంటూనే కలం తీశాడు. పిల్ల అప్పటికే బ్యాగు సర్దుకుని, బూట్లు తుడుచుకుని కూర్చుంది. "దగ్గుందని రాయరా" అన్నాను. వాడు నా వైపు చూశాడు, బూట్ల వైపు చూశాడు, అలాగే రాశాడు. పిల్ల రోజంతా నాతో మాట్లాడలేదు. నేను బతిమాలలేదు. లాంగ్ బెల్లు కొట్టిన చేతులు నావి. ఆ ఏడుపు నాకు తెలుసు.

మర్నాడు పొద్దున వంటింటి గుమ్మంలో నిలబడి దాని పేరు పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. అక్కడే నిలబడ్డాను. పొయ్యి మీద నూనె కాగుతోంది. చివరికి దుప్పటి లోపలి నుంచి, వచ్చీరాని తెలుగులో, "ఉన్నానండీ దాదీ" అంది.

అప్పుడు ఆవాలు వేశాను.