గున్వర్ శ్రుతి

స్వీడన్‌లోని మా నోర్షోపింగ్‌లో సిక్స్టెన్ హాల్‌గ్రెన్ పేరు ఎవరూ ఒంటిగా పలకరు. "గున్వర్, సిక్స్టెన్" అని కలిపే అంటారు. గున్వర్ జాజ్ పాటలు పాడేది, సిక్స్టెన్ పియానో వాయించేవాడు. భార్యాభర్తలు కారు. ఆమె రెండు పెళ్ళిళ్ళు చేసుకుంది. రెండింటికీ ఆయనే వాయించాడు.

మార్చిలో గున్వర్ పోయింది. అప్పట్నించి సిక్స్టెన్ పియానో ముట్టుకోలేదు. గురువారం గురువారం మా చర్చి హాల్లో పెట్టే భోజనానికొచ్చి, మాంసం వేసిన బఠానీ చారు తాగి, తన గిన్నె తానే కడిగి వెళ్ళేవాడు. ఏడవలేదు. ఎలా ఉన్నావంటే "కాళ్ళు ఆడుతున్నాయి" అనేవాడు. వడ్డించే నేను ఆయన గిన్నెలో మాంసం ముక్కలు రెండెక్కువ పడేలా చూసేదాన్ని. అంతకు మించి ఏం చేయాలో తోచక ప్రార్థనలో ఆయన పేరు తలుచుకునేదాన్ని.

మే నెలలో ఒక ఆదివారం గున్వర్ జ్ఞాపకార్థం ప్రార్థన పెట్టుకున్నాం. ఆమె చెల్లెలి కూతురు మై-లిస్, సిక్స్టెన్ వాయిస్తేనే పెద్దమ్మ పాట పాడతానంది. పాస్టరమ్మ అడిగితే ఆయన అవుననలేదు, కాదనలేదు. ఆ ఆదివారానికి ముందు గురువారం చారు అయ్యాక మాత్రం లేచి వెళ్ళి హాల్లోని పియానో ముందు కూర్చున్నాడు.

మై-లిస్ రెండు మాటలు పాడి ఆగిపోయింది.

"బాబాయ్, ఇదేం శ్రుతి! నూతిలోంచి పాడినట్టుంది. కాస్త పైకెత్తు."

"పాట శ్రుతి ఇదే."

"మీ పాత రికార్డులో ఇలా లేదే. నేను దానితోనే నేర్చుకున్నాను."

ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని అసలు సంగతి చెప్పాడు. వయసుతో గున్వర్ గొంతు బరువెక్కుతున్నకొద్దీ ఆయన శ్రుతి కొంచెం కొంచెంగా దించుతూ వచ్చాడు. పై స్వరం అందక ఆమె నలుగురిలో చిన్నబోకూడదని. ఆమెకు చెప్పలేదట. చివరికి పాట ఆ శ్రుతిలోనే పుట్టిందని తానే నమ్మేశాడట.

బల్లలు తుడుస్తున్న ఇంగెగెర్డ్ గున్వర్‌కు చిన్ననాటి స్నేహితురాలు. చేతిలో గుడ్డ ఆపకుండానే అంది: "దానికి తెలుసులే, ముసలోడా. 'వాడు నాకు తెలీదనుకుంటున్నాడు, అనుకోనీ' అనేది."

"ఎప్పట్నించి?"

"నువ్వు మొదటిసారి దించినప్పట్నించి. పాడేది అదేనాయె! నీ వేళ్ళకి తెలిసింది దాని గొంతుకి తెలీదూ?"

బస్సు వేళ చెబితే ఊపినట్టు సిక్స్టెన్ తలూపాడు. తర్వాత శ్రుతి పైకెత్తాడు. మై-లిస్ చాలనేదాకా ఎత్తి వాయించాడు. పాట సగంలో చేతులు ఆగిపోయాయి.

"తప్పు పాడానా బాబాయ్?"

"లేదమ్మా. ఈ చేతులు ఎవరివో అన్నట్టున్నాయి."

"పోనీ, ఆదివారం వద్దులే."

గుమ్మంలో నిలబడి నేను వింటున్నాను.

"వస్తాను," అన్నాడు సిక్స్టెన్. "నీ శ్రుతిలోనే వాయిస్తాను. దాని శ్రుతి ఇంకెవరికి కావాలి?"

ఆదివారం ఒక్క స్వరం తప్పలేదు. చర్చిలో అందరూ కళ్ళు తుడుచుకున్నారు, ఆయన తప్ప. కాఫీ దగ్గర మై-లిస్ ఆయన్ని కావలించుకుంటే, ఒదగనూ లేదు, విడిపించుకోనూ లేదు.

"నీ గొంతుకి శ్రుతి ఇంకో అర మెట్టు పైనుంటే ఇంకా బాగుంటుంది," అన్నాడు. "వచ్చేసారి అలా చూద్దాం."

ఆ మాట అన్నప్పుడు కూడా ఆయన మొహంలో ఏమీ కదల్లేదు.