గొణిగిన సగం

ఆ వీధి దర్జీకి రెండు గొంతులు. "రేపు ఇచ్చేస్తానమ్మా!" అనేది వీధి చివరిదాకా వినిపించే గొంతు. "కరెంటు ఉంటే" అనేది పళ్ల మధ్య దారంతోపాటు నలిగిపోయే గొంతు. ఎవరైనా నిలదీస్తే, రెండో ముక్క కూడా చెప్పానుగా అనేవాడు.

ఓ మధ్యాహ్నం మిషను తొక్కుతూ రేడియోలో పురాణం విన్నాడు. ధర్మాత్ముడని పేరుపడ్డ ఒక రాజు, యుద్ధంలో గురువు చేత ఆయుధాలు దింపించడానికి, ఆయన కొడుకు పేరు చెప్పి "చచ్చాడు" అని గట్టిగా అన్నాడట. చచ్చింది ఆ పేరుగల ఏనుగని మాత్రం గొంతులోనే గొణిగాడట. అంతవరకూ నేలను తాకకుండా నడిచిన అతని రథం ఆ క్షణాన కిందికి దిగిపోయిందట.

దర్జీకి ఒళ్లు మండిపోయింది. "అంత పెద్దమనిషికి ఇదేం బుద్ధే? ఆ చివరి ముక్క కూడా గట్టిగా చెప్తే ఏం పోయింది?" అని భార్య మీద ఎగిరాడు. వెనక కూర్చుని గుండీలు కుడుతున్న ఆమె నవ్వు ఆపుకుంది.

అంతలో నర్సమ్మ వచ్చింది. "నా యూనిఫారం అయిందా అన్నా?"

"అయిపోయిందమ్మా!" అని, "కత్తిరించడం" అని దారంలోకి గొణిగాడు.

"కత్తిరించడం అయిందమ్మా! కుట్టడం ఇంకా మొదలే పెట్టలేదు," అంది భార్య, వీధంతా వినేలా.

దర్జీ ముఖం కందగడ్డలా అయింది. నర్సమ్మ మాత్రం, "ఆ మాట ముందే చెప్తే గురువారమే వచ్చేదాన్నిగా!" అంది.

"గురువారం ఇస్తానమ్మా!" అన్నాడు. అలవాటు కొద్దీ పెదవులు మళ్లీ కదలబోయాయి.

వెనక సూది ఆగింది.

దర్జీ నోరు మూసుకుని, యూనిఫారం ముక్కలు తీసి మిషను మీద పెట్టాడు.