భయపు అంచు

గెబ్‌హార్ట్ వడ్రంగి. అతను చేసిన తలుపులు లోయంతటా చక్కగా మూసుకుంటాయి. అంతటితో ఊరుకుంటే గౌరవంగా బతికేవాడు. కానీ మా టిరోల్ కొండల్లో నలభై దాటిన మనిషి మోటార్‌సైకిలు కొనకపోతే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. అందుకని కొన్నాడు.

పదహారేళ్లుగా కనుమలు ఎక్కుతున్నాడు. ఎక్కుతున్నాడంటే, సైకిళ్లవాళ్లు మరీ దాటిపోకుండా ఎక్కుతున్నాడు. మెలిక వచ్చిందంటే బండి వంచడానికి మనసొప్పదు. బీరువాను గుమ్మం దాటించినట్టు నిటారుగా తిప్పుతాడు.

పోనీ దాచుకుందామా అంటే మా లోయలో కుదరదు. ఆదివారం సత్రం ముందు బండి ఆపగానే జనం మొదట వెనక టైరు చూస్తారు, తరవాతే మొహం. వంచి నడిపేవాడి టైరు అంచుదాకా అరుగుతుంది. వంచనివాడికి రెండు పక్కలా కొత్త రబ్బరు అలాగే మిగిలిపోతుంది. దాని పేరు భయపు అంచు. గెబ్‌హార్ట్‌కి అది రెండేసి వేళ్ల వెడల్పుంది.

స్టెల్వియో కనుమ యాత్రలో అందరికన్నా ముందు నడిచేవాణ్ణి మోటార్‌సైకిలు సంఘం వచ్చే ఆదివారమే ఎన్నుకోవాలి. పన్నెండు బండ్లు, నలభై ఎనిమిది మెలికలు. ఒక్కసారి ముందుండాలని గెబ్‌హార్ట్ ఆశ. ఇన్నేళ్లూ అతను చూసినవి జనం వీపులే, అవీ దూరమైపోయే వీపులు.

శనివారం మధ్యాహ్నం కొట్టు తలుపేసుకుని గరుకు కాగితం తీశాడు.

"ఏం చేస్తున్నావు?" అంది భార్య నోట్‌బుర్గా కిటికీలోంచి.

"టైరు తుడుస్తున్నా."

"కుర్చీ కోడు రుద్దినట్టు రుద్దుతున్నావే. వార్నిష్ కూడా వేసెయ్."

మర్నాడు సంఘం పెద్ద కిలియన్ టైరు చూసి కనుబొమలెత్తాడు. "ఏరా, ఈ వంపులు ఎప్పుడు నేర్చావు?"

"అలవాటయిపోయిందిరా," అన్నాడు గెబ్‌హార్ట్, ఎటో చూస్తూ.

టైర్ల కొట్టు ఆఫ్రా మాత్రం కిందికి వంగి గాడిలో వేలు పెట్టింది. "అన్నా, రోడ్డు మీద అరిగితే గీతలు చక్రం తిరిగేవైపు పడతాయి. నీవన్నీ అడ్డంగా ఉన్నాయేంటి? ఈ వేలికి అంటిన పొట్టు ఓక్ చెక్కదా?"

"పైన్‌ది," అన్నాడు గెబ్‌హార్ట్. వృత్తి విషయంలో అబద్ధమాడటం అతనికి చేతకాదు.

సత్రం ముందు నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. అతను హెల్మెట్ తీసుకుని లేవబోయాడు.

"కూర్చోరా," అన్నాడు కిలియన్ కళ్లు తుడుచుకుంటూ. "ముందు నువ్వే నడు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

పదకొండు చేతులూ అనుమానం వచ్చేంత చురుగ్గా లేచాయి. ఆ సంఘంలో ఆఫ్రా తప్ప అరవైకి తక్కువవాళ్లు ఇద్దరే. మోకాళ్లు బాగున్నవాళ్లు అంతకన్నా తక్కువ.

స్టెల్వియో మీద గెబ్‌హార్ట్ మెలిక మెలికకీ అద్దంలోకి చూశాడు. పదకొండు బండ్లూ వెనకే వస్తున్నాయి. దాటడానికి కావలసినంత చోటుంది. ఒక్కరూ దాటలేదు.

పైకి చేరాక అందరూ అతన్ని చుట్టుముట్టి తిట్టారు. "నీ వెనక నిద్రొచ్చిందిరా," అన్నాడు కిలియన్. "నేనైతే ఇందులో సగం సేపట్లో ఎక్కేవాణ్ణి."

"అయితే దిగేటప్పుడు నువ్వే ముందు నడు," అన్నాడు గెబ్‌హార్ట్.

కిలియన్ అప్పుడే కొన్న సాసేజ్‌కి ఆవముద్ద పూసుకోవడంలో మునిగిపోయాడు.