పదకొండో నంబరుకు నేను వేసిన మార్కులు

పోయిన వారం మా మరిది ఫోన్ చేశాడు. జెడ్పీటీసీ ఎన్నికలు మళ్లీ దగ్గర పడుతున్నాయట, వాళ్ల పార్టీలో టికెట్ అడిగేవాళ్లు ఈసారి ఇరవై దాటారట, అందరినీ ఒకే వేదిక మీద మాట్లాడించి మార్కులు వేసే పనికి నన్ను రమ్మంటున్నాడు. "పోయినసారి నువ్వు వేసిన మార్కుల మీద ఒక్కడు కూడా నోరెత్తలేదు వదినా. పార్టీలో ఇప్పటికీ చెప్పుకుంటారు," అన్నాడు. మోకాళ్లు నొప్పులని చెప్పి రానన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ పూటంతా నాకు ఏ పనీ చేతకాలేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. నోరెత్తాల్సిన మనిషి ఒకరు ఉన్నారు, ఆమె ఎత్తలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, మండేది నా మీదే.

మాది మధిర. మామగారి తండ్రి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నారు. మరిది మాత్రం పత్తి వ్యాపారం మీద భద్రాచలం వైపు వెళ్లి, అడవి అంచున ఉన్న ఒక మండలంలో స్థిరపడి, కాలక్రమంలో తన పార్టీకి మండల అధ్యక్షుడయ్యాడు. నేను ముప్పై ఏళ్లు తెలుగు పండితురాలిగా పనిచేశాను. ఆగస్టు పదిహేను, జనవరి ఇరవై ఆరు అంటే జనం జెండాలూ పిప్పరమెంటు బిళ్లలూ గుర్తు తెచ్చుకుంటారు, నాకు మాత్రం వక్తృత్వ పోటీలే గుర్తొస్తాయి. పిల్లలు నాకు 'అరమార్కు టీచర్' అని పేరు పెట్టారు. ఒత్తు సరిగా పలక్కపోతే అరమార్కు, చేతులు ఊపితే అరమార్కు, గంట కొట్టాక ఒక్క మాట ఎక్కువైనా అరమార్కు. ఆ పేరు వింటే పైకి కోప్పడేదాన్ని గానీ లోపల గర్వంగానే ఉండేది. రిటైరయ్యాక మార్కులు అడిగేవాళ్లు లేక చేతులు ఖాళీగా ఉన్న రోజుల్లో, పోయిన ఎన్నికలప్పుడు, మరిది ఇలాంటి కబురే తెచ్చాడు. అంతకుముందు ఎన్నికలప్పుడు టికెట్ దగ్గర కొట్లాట జరిగి కుర్చీలు విరిగాయి. అందుకని అడిగిన ప్రతివాడినీ మాట్లాడించి, ముగ్గురు బయటివాళ్లతో మార్కులు వేయించి, ఎక్కువ వచ్చినవాళ్లకే టికెట్ ఇవ్వాలని జిల్లా వాళ్లు తీర్మానించారు. "ఇదంతా నాటకం, మీరు ముందే ఎవరినో అనుకునుంటారు," అన్నాను. "లేదు వదినా, ఈసారి నికార్సుగా చేద్దాం," అన్నాడు. నమ్మలేదు. అయినా ఇస్త్రీ చీర కట్టుకుని బస్సెక్కాను.

ఫంక్షన్ హాల్లో ఒక టికెట్ కోసం పదమూడు మంది కూర్చున్నారు. కూర్చున్నారనడం కూడా తప్పే, వేదిక మీద తొమ్మిది కుర్చీలే పట్టాయి, తక్కినవాళ్లు వెనక దండలు మోస్తున్న పెళ్లివారిలా నిలబడ్డారు. నాతోపాటు మార్కులు వేసేవాళ్లు ఇద్దరు, రిటైరైన బ్యాంకు మేనేజరొకాయన, ఖమ్మం కోర్టు లాయరొకాయన. మేనేజరు కునికిపాట్లు పడుతున్నాడు, లాయరు ఫోన్ చూసుకుంటున్నాడు. వీళ్లకి మాట గురించి ఏం తెలుసని అప్పుడే ఒక నిర్ణయానికి వచ్చేశాను. మాకిచ్చిన కాగితంలో ఐదు గళ్లు. విషయం, భాష, స్వరం, సమయపాలన, పార్టీ విధేయత. ఆఖరిది కొట్టేసి 'ప్రశ్నకు జవాబు' అని రాస్తేనే కూర్చుంటానని పట్టుబట్టాను. మరిది గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. గంట నా చేతికిచ్చారు. మనిషికి మూడు నిమిషాలు, లాయరు అడిగే ఒక ప్రశ్నకు జవాబు కూడా అందులోనే. అందరికీ ప్రశ్న ఒకటే. అడవి ఊళ్లలో రేషన్ మిషన్‌కు సిగ్నల్ అందక జనం బియ్యం కోసం గుట్టలెక్కుతున్నారు, మీరైతే ఏం చేస్తారు?

రెండు గంటలపాటు నేను విన్నది ఒక్కటే ఉపన్యాసం, గొంతులు మాత్రం మారాయి. మొదటి ఆయన రెండు నిమిషాలు నాయకుల పేర్లే చదివాడు. రెండో ఆయన తనకు ముందు మాట్లాడినవాడు పోయిన ఏడాది ఏ పార్టీలో ఉన్నాడో చెప్పమని నిలదీశాడు, మొదటి ఆయన లేచొచ్చి మైకు లాక్కున్నాడు. ఒకాయన పద్యం ఎత్తుకుని రెండో పాదంలో మరిచిపోయాడు. క్వారీ నడిపే ఒకాయన తన తల్లి పేరు చెప్పి ఏడ్చాడు, ఆమె ముందు వరసలో కూర్చుని ఉంది, నిక్షేపంగా ఉంది. సిగ్నల్ సంగతి అడిగితే ఒకాయన "ఊరికొక టవర్ కాదు, గల్లీకొక టవర్ పెట్టిస్తా" అన్నాడు, ఆ ఊళ్లలో గల్లీలే లేవు. పదో నంబరు దాకా ఒక్కరూ నా గంటకు ఆగలేదు. కొట్టినకొద్దీ గొంతు పెంచారు. నా మణికట్టు నొప్పి పుట్టింది. ఈలోగా హాలు వెనక నుంచి బగారా అన్నం వాసన రావడం మొదలైంది, జనం చెవులు అటు తిరిగాయి.

ఏడో నంబరు మధిరలో నా దగ్గర చదివిన శిష్యుడు, తర్వాత ఈ వైపు వచ్చి స్థిరపడ్డాడు. తొమ్మిదో తరగతిలో జిల్లా స్థాయి బహుమతికి నేనే తయారు చేశాను. మైకు ముందుకు రాగానే నాకు చేతులు జోడించి మొదలుపెట్టాడు. ఖాళీ సంచి భుజాన వేసుకుని గుట్ట ఎక్కుతున్న ఒక ముసలవ్వను మాటలతో బొమ్మ కట్టాడు. ఆమె కాళ్ల పగుళ్లు, మధ్యలో కూలబడ్డ బండ, పైన మిషన్ 'మళ్లీ ప్రయత్నించండి' అనడం. ఒక్క ఒత్తు జారలేదు. "ఆ అవ్వ కన్నీళ్లు తుడవడానికే నేను రాజకీయాల్లోకి వచ్చాను," అని ముగించేసరికి హాలంతా చప్పట్లు. కొన్ని క్షణాలు ఎక్కువ మాట్లాడాడు, అరమార్కు కోసి, తక్కిన గళ్లన్నీ నింపేశాను. ఏం చేస్తావన్న ప్రశ్నకు వాడు జవాబే చెప్పలేదని నాకు తట్టలేదు. నిజంగా తట్టలేదు.

పదకొండో నంబరు అడవి ఊరి వార్డు మెంబరు. నలభై దాటిన మనిషి, ఎండాకాలంలో బీడీల తునికాకు కోసి కట్టలు కడుతుంది, ఇంట్లో మాట్లాడేది కోయభాష. ఆమె వచ్చేసరికి మైకు కూత పెట్టింది. ఎవరో వచ్చి వైరు సరిచేసేదాకా ఊరికే నిలబడింది. ఆ సమయం తీసేయాల్సింది నేను, తీసేయలేదు. "మాది వాగు అవతలి ఊరు. మా ఊర్లె మిషన్ గుట్ట మీద పెట్టిండ్రు. సిగ్నల్ ఒక్కటే కాదు. ఆకు కోసి కోసి ముసలోళ్ల వేళ్లు అరిగిపోయినయ్, మిషన్ల ముద్ర పడ్తలేదు. గుట్ట ఎక్కినా బియ్యం ఇస్తలేరు. దానికి మేమేం చేసినమంటే..." అంది. ప్రతి మాటకూ ముందు ఆగి వెతుక్కుంటోంది. వెనక ఎవరో నవ్వారు. నేను గంట కొట్టాను. ఆమె నా వైపు చూసి, తలూపి, వాక్యం మధ్యలోనే ఆపి వెళ్లి వెనక నిలబడింది. పదమూడు మందిలో గంటకు ఆగింది ఆమె ఒక్కతే. సమయపాలనకు పదికి పది వేశాను. భాషకు మూడు. స్వరానికి మూడు. 'విషయం అసంపూర్ణం' అని పక్కన రాసి నాలుగు. జవాబుకు నాలుగు. ముప్పై ఏళ్ల అలవాటు, చేయి తడబడలేదు.

అన్నాలయ్యాక మార్కులు కూడారు. కునికిపాట్లు పడ్డ మేనేజరు పదకొండో నంబరుకు అందరికంటే ఎక్కువ వేశాడు. ఫోన్ చూసుకున్న లాయరూ అంతే. నేనొక్కదాన్నే ఆమెను కిందికి లాగాను. మూడు కాగితాలూ కలిపితే నా శిష్యుడు నాలుగు మార్కులతో గెలిచాడు. "ఆమెకంత ఎందుకు వేశారండీ?" అని మేనేజర్ని అడిగాను. "మిగిలినవాళ్లంతా చేస్తాం అన్నారమ్మా. ఆమె ఒక్కతే చేసినం అంది," అన్నాడు. నాకు చెంప మీద కొట్టినట్టయింది. మరిదిని పక్కకు పిలిచి నా కాగితం దిద్దుకుంటానన్నాను.

"సంతకం పెట్టేశాక ఇంకెట్లా మారుద్ది వదినా?"

"తప్పు వేశాను. పరీక్ష పేపర్లు కూడా మళ్లీ దిద్దుతారు."

"ఇయ్యాల నీకోసం మారిస్తే రేపు మిగతా పన్నెండు మందీ నా మీద పడతారు. నికార్సుగా చేద్దామని ఒప్పుకునే కదా వచ్చావు."

జీవితంలో ఏ నియమాన్నీ సూటిగా పాటించని మనిషి, ఆ ఒక్కరోజు నా దగ్గర నియమం చెప్పాడు. అప్పటికే నా శిష్యుడి మెడలో దండ పడింది. వాడొచ్చి నా కాళ్లకు దండం పెట్టాడు. దీవించాను, ఇంకేం చేయను?

ఆమె రోడ్డు మీద ఆటో కోసం నిలబడి ఉంది. దగ్గరికి వెళ్లి, "గంట కొట్టినప్పుడు ఏదో చెప్పబోయావమ్మా, ఏమిటది?" అని అడిగాను. ఆమె సంచిలోంచి మడతలు పడ్డ కాగితం తీసింది. మిషన్ మీద వేలిముద్ర పడనివాళ్లకు రిజిస్టర్‌లో సిరాతో నిశానీ వేయించుకుని బియ్యం ఇవ్వవచ్చని ఆఫీసరు సంతకం చేసిన కాగితం.

"ఆరుసార్లు పోయినం టీచరమ్మా. ఏడోసారి ఇచ్చిండ్రు. మా ఊర్లె ఇప్పుడు అందరికి వస్తున్నయ్. మా లెక్క ఇంకా పన్నెండు ఊర్లున్నయ్, ఆడ గుడ గిట్లనే చేయిస్తా అని చెప్దామనుకున్న."

"మరి గంట కొడితే ఎందుకు ఆగావు? ఎవరూ ఆగలేదు కదా."

"ఆపమనే కదా కొట్టిండ్రు," అంది. అందులో ఎత్తిపొడుపు లేదు, అడిగిందానికి జవాబు చెప్పింది, అంతే. నేనే ఆమెకు తక్కువ మార్కులు వేశానని చెప్పాను. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, "నాకు తెలుగు మంచిగ రాదు. ఊర్ల పేరు మీద దరఖాస్తులు మీరు రాసిస్తరా?" అంది.

రాశాను. పన్నెండు ఊళ్లకు పన్నెండు దరఖాస్తులు, తప్పుల్లేని తెలుగులో. నా శిష్యుడు గెలిచి జెడ్పీటీసీ అయ్యాడు, వాటిని తానే పైకి పంపిస్తానని తీసుకున్నాడు, ప్రతి సభలోనూ ఆ ముసలవ్వ గురించి చెప్పాడు, కాగితాలు మాత్రం కదల్లేదు. నేను ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉంది టీచర్" అనేవాడు, ఎంత మర్యాదగా అనేవాడో. ఏడాదిన్నర చూసి ఆమే మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరిగి, ఒక్కో ఊరిదీ తెచ్చుకుంది. రెండు ఊళ్లది ఇంకా రాలేదు. తొమ్మిదో ఊరికి వచ్చిననాడు నన్ను తీసుకెళ్లింది. రిజిస్టర్ తెరిచి డీలరు పేర్లు పిలిచాడు. మొదటి ముగ్గురు పేర్లకు ఎవరూ పలకలేదు. వెనక నుంచి ఒకావిడ, "వాళ్లు పోయిండ్రు," అంది. డీలరు ఆ మూడు పేర్ల మీద గీత గీసి నాలుగో పేరు పిలిచాడు. పదవిలో ఉన్నవాళ్లకు ఐదేళ్లు ఇట్టే గడిచిపోతాయంటారు. గుట్ట ఎక్కే మనుషులకు అవే ఐదేళ్లు నెలకొకసారి చొప్పున గడుస్తాయి, కొందరికి మధ్యలోనే అయిపోతాయి.