మిద్దె మీద పైపు పట్టుకున్న అమ్మ

మొన్న శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు మా ఇంటి డిష్ వైరు మార్చారు. పాత వైరును కోతులు కొరికి, గుంజి తెంపేశాయి. టీవీ లేని ఆ నాలుగు రోజులు ఇంట్లో నా దగ్గు తప్ప వేరే చప్పుడు లేదు. వనపర్తి నుంచి వచ్చిన మనిషి కొత్త వైరు కొసను పంటితో కొరికి నల్లటి తోలు ఒలిచాడు. ఎండకు వేడెక్కిన రబ్బరు వాసన గుప్పుమంది. స్లాబు మీదికెక్కి ఏవో మరలు బిగించి, అక్కడి నుంచే కేక వేశాడు.

"అవ్వా, బొమ్మ వచ్చిందా?"

"వచ్చిందో లేదో చెప్పనీకె లోపల ఎవరున్నరు బిడ్డా? నేను నీ కిందనే నిలవడ్డ."

"గట్లనా! అయితే జర నువ్వే పోయి సూడరాదూ."

పోయి చూశాను. వచ్చింది. అతను డబ్బులు తీసుకుని బండెక్కి పోయాడు. ఆ వాసన, ఆ ప్రశ్న మాత్రం పోలేదు.

మా ఊరు వీపనగండ్ల దగ్గర. నా చిన్నప్పుడు అన్నీ మట్టి మిద్దెలే. వానకాలం రాకముందే ప్రతి ఇంటివాళ్ళూ చౌడుమట్టి తెచ్చి మిద్దె మీద పరిచి, కాళ్ళతో తొక్కి, కట్టెతో చదును చేసేవాళ్ళు. మొదటి వాన పడితే ఊరు ఊరంతా ఒక్కటే తడిమట్టి వాసన. పల్లికాయ పీకే రోజుల్లో ఏ వాకిట్లో చూసినా కుండలో కాయలు ఉడుకుతుండేవి. ఉప్పునీళ్ళు మోచేతి దాకా కారుతుంటే మేము తింటూ, పొట్టు ఒకరి మీద ఒకరు విసురుకుంటూ, కర్రతో చిర్రను ఎగరగొట్టే చిర్రగోనె ఆడేవాళ్ళం. చిర్ర తగిలి నుదురు పగిలితే మా సవారమ్మవ్వ, అంటే నాయిన తల్లి, పసుపు అద్ది, ఆ మీద వీపున ఒకటి చరిచేది.

నాయిన ఇంట్లో ఉండేవాడు కాదు. మా దిక్కు మగవాళ్ళు, కూలీలను కూడగట్టి తీసుకుపోయే గుంపు మేస్త్రీ వెంట దేశాలు తిరిగి డ్యాములు కట్టేవాళ్ళు. ఆలుమగలు జోడీగా పోవడమే మామూలు. కానీ తమ్ముడు పాలు తాగే పిల్లవాడు కావడంతో అమ్మ ఆగిపోయింది, నాయిన ఒక్కడే పోయాడు. కురుమూర్తి జాతరకు వస్తానని చెప్పిపోయాడు. జాతర వచ్చింది, పోయింది. అమ్మ సజ్జరొట్టె నలిపి బెల్లం కలిపి చేసిన మలీద నాలుగు దినాలు ఉట్టి మీద ఉండి ఎండిపోయింది. మేస్త్రీ ఊరికొచ్చినప్పుడు అడిగితే "మంచిగనే ఉన్నడు" అనేవాడు. ఎక్కడున్నాడు అంటే మాట మార్చేవాడు.

ఆ ఏడే ఖాజా చిచ్చా టీవీ తెచ్చాడు. సైకిల్ షాపాయన, నాయిన దోస్తు, మా పక్కిల్లే. మట్టి మిద్దెకు మొల నిలవదు, లోతుకు దింపితే వానకు కారుతుంది. అందుకని ఇనుప పైపుకు ఏంటెన్నా కట్టి, చుట్టూ బండరాళ్ళు పేర్చి నిలబెట్టాడు. గాలి కొడితే అది తిరిగిపోయేది, పెట్టె నిండా చీమలు పారినట్టు చుక్కలు. అయితే ఒక వింత కనిపెట్టాడు. పైపును మనిషి పట్టుకుంటే బొమ్మ అద్దంలా నిలిచేది, చెయ్యి వదిలితే పోయేది. ఎందుకని ఎవరికీ తెలియదు. ఇంట్లో కూర్చునేవాళ్ళు పదిమంది, పైపు పట్టుకునేవాళ్ళు ఒక్కరూ లేరు.

ఒక సాయంత్రం టీవీలో డ్యాము చూపించారని, తట్టలు మోసే పాలమూరోళ్ళు, అంటే మా దిక్కువాళ్ళు, కనిపించారని ఊళ్ళో చెప్పుకున్నారు. అంతే, అమ్మ పోయి ఖాజా చిచ్చాతో ఒకే మాట అంది.

"పైపు నేను వట్టుకుంట ఖాజా. నా బిడ్డను ముంగట కూసోనీ."

"నువ్వెందుకు వదినె పరేషాన్, పోరగాండ్లు పట్టుకుంటరు తీ."

"పోరగాండ్లకు నీ పెట్టె మీద పాణం. నాకు గాదు."

అప్పటినుంచి దీపాలు పెట్టే వేళకు అమ్మ నిచ్చెనెక్కేది. తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని అవ్వ వాకిట్లో, చెప్పులు వదిలినచోట కూర్చునేది. చిచ్చా గడపలో నిలబడి, మిద్దెకూ పెట్టెకూ నడుమ "జర ఎడమకు వదినె, ఆఁ, బస్" అని కేకలు అందించేవాడు. చిచ్చా భార్య హలీమా చిన్నమ్మ ఉల్లిగడ్డలు తరుగుతూ ఒక కన్ను పెట్టె మీద వేసేది. నేను ముందు వరసలో. పాటలకు అందరూ నవ్వుతుంటే నేను నవ్వేదాన్ని కాదు. నా పని చూడడం.

పల్లికాయ ఇళ్ళకు చేరిన రోజుల్లో ఒక సాయంత్రం అది వచ్చింది. ఎర్రమట్టి కట్ట, దాని మీద చీమల బారులాగా మనుషులు, నెత్తి మీద తట్టలు. బొమ్మ కింద తెల్లటి అక్షరాలు పోతున్నాయి. మాట గరగరలో కలిసిపోయింది. బారులో ఒకడి తట్ట మాత్రం నెత్తి మీద లేదు, ఎడమ భుజం మీద ఉంది. మెడమీద పాత గడ్డ ఉండడంతో నాయిన ఎన్నడూ నెత్తిన బరువు పెట్టేవాడు కాదు. ఆ మనిషి కట్ట ఎక్కి, తట్ట కుమ్మరించి, ఇటు తిరిగాడు.

"అమ్మా! నాయినే! ఓమా, నాయిన!"

అమ్మ చెయ్యి వదిలేసింది.

పెట్టె నిండా చుక్కలు. నిచ్చెన దడదడలాడింది. చిచ్చా "యా అల్లా, వదలకు వదినె!" అని అరుస్తూ ఎదురెక్కబోయాడు, ఇద్దరూ నిచ్చెన మీద గుద్దుకున్నారు. ఆయన పైకెక్కి పైపు పట్టుకునేసరికి పెట్టెలో కోటు వేసుకున్న ఒకాయన పూలదండ వేయించుకుంటున్నాడు. అమ్మ ఆ కోటాయన్నే చూస్తూ నిలబడింది. ఆమె అరచేతులకు పైపు తుప్పు.

"ఎట్లున్నడు? సన్నవడ్డడా?"

"గడ్డం వెంచిండు."

"అంగి ఏస్కున్నడా?"

"లేదు. తువ్వాల ఒక్కటే."

వాకిట్లోంచి అవ్వ అడిగింది. "నడుస్తుండా పిల్లా? సక్కగ నడుస్తుండా?"

"నడుస్తుండవ్వా."

ఆ అక్షరాలు డ్యాము పేరై ఉంటాయి. ఆ ఇంట్లో తెలుగు చదవగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు, చిచ్చాకు ఉర్దూ తప్ప రాదు. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. ఇప్పుడైతే చదివేదాన్ని.

ఎండాకాలంలో గుంపు తిరిగొచ్చింది, నాయిన రాలేదు. జ్వరమొచ్చి దారి నడుమ దిగిపోయాడని ఒకరు, వేరే మేస్త్రీ దగ్గర చేరాడని ఒకరు చెప్పారు. అమ్మ మిద్దెక్కుతూనే ఉంది. చివరికి చిచ్చా రెండో పైపు అతికించి ఎత్తు పెంచి, వైరు మార్చి, నాలుగు దిక్కులా తీగలు లాగి కట్టాడు. "ఇగ పట్టుకునే పనిలేదు వదినె, కిందికి రా. కూసోని సూడు" అన్నాడు సంతోషంగా. అమ్మ దిగివచ్చి గడపలో కూర్చుంది. బొమ్మ కదలకుండా నిలబడింది. కొన్నాళ్ళు చూసింది. డ్యాము మళ్ళీ రాలేదు, నాయినా రాలేదు, అమ్మ టీవీకి పోవడం మానేసింది.

ఇప్పుడు నా టీవీలో ఎన్ని చానళ్ళో నాకే తెలియదు. ఎక్కడైనా డ్యాము వస్తే వేలు ఆపుతాను. అన్నీ మిషన్లే. తట్ట మోసే మనిషి ఎక్కడా కనిపించడు. మట్టి మిద్దె ఊళ్ళో ఒక్కటీ లేదు. చిచ్చా ఇంటివాళ్ళూ, మా ఇంటివాళ్ళూ పోయారు. నాకు జ్ఞాపకముంది కనుక రాస్తున్నాను. ఆ సాయంత్రం గడపలో ఖాజా చిచ్చా, ఉల్లిగడ్డల ముందు హలీమా చిన్నమ్మ, వాకిట్లో సవారమ్మవ్వ, ఆమె ఒళ్ళో నిద్రపోయిన తమ్ముడు శీను, మిద్దె మీద మా అమ్మ బాలమ్మ, పెట్టె ముందు నేను, నాగమ్మను. పెట్టె లోపల, తట్ట కుమ్మరించి ఇటు తిరిగినవాడు, మా నాయిన కుర్మయ్య.